ఎనిమిది వాక్యాలు

మనిషి దుకాణం పెట్టినా పెట్టకపోయినా రోజూ ఏదో ఒక సరుకు అమ్ముకునే బతుకుతాడు. సదానందం సార్ అమ్మేది ఎనిమిది వాక్యాలు.

జమ్మికుంటలో పత్తి మార్కెట్ యార్డుకు పోయే దారి మీద ఉన్న ప్రైవేటు హైస్కూల్లో ఆయన తెలుగు సారు. పదో తరగతి పరీక్షలో పాత్ర స్వభావం రాయమని అడగని ఏడాది ఉండదు. ఏ పాఠంలోని ఏ పాత్రను అడుగుతారో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకని సారు అన్ని పాత్రలకూ పట్టే చొక్కా ఒకటి కుట్టి పెట్టుకున్నాడు. రాజు వచ్చినా, రైతు వచ్చినా, కొడుకును పోగొట్టుకున్న తల్లి వచ్చినా అదే చొక్కా. పేరు మార్చి తొడిగితే చాలు. పందొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న దగ్గర ఆయన పిల్లలకు ఒక్క మార్కు పోలేదు. అమ్ముడుపోయే సరుకును మార్చుకునే పిచ్చి వ్యాపారి ఎక్కడా ఉండడు.

ఆ సోమవారం పొద్దున ఆయన బోర్డు మీద నాలుగు వాక్యాలు రాసి, ఐదోదానికి చాక్‌పీసు ఎత్తాడు. మొదటిది, ఫలానావారు ఇందులో ప్రధాన పాత్ర. రెండోది, మంచి సంస్కారం గల వ్యక్తి. మూడోది, శాంత స్వభావం కలవారు. నాలుగోది, పెద్దల మాటను గౌరవించేవారు. అక్షరాలు అచ్చు గుద్దినట్టు ఉంటాయి. ఆయన గీత గీస్తే స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు.

పాఠంలో ఒక పటేలు ఉన్నాడు. కరువు కాలంలో పాతర తీసి ఊరందరికీ జొన్నలు పంచుతాడు. దానికి రెండు పేజీల ముందు, ఎద్దు కుంటిదైందని జీతగాడి చెయ్యిని గొడ్డలి కామతో విరగ్గొడతాడు.

రెండో బెంచీలో నుంచి నవనీత లేచింది. సన్నగా, మోచేతుల దాకా సిరా మరకలతో ఉండే పిల్ల.

"సార్, జీతగాని చెయ్యి ఇరగ్గొట్టింది ఏ లైన్ల రాయాలె?"

"ఏ లైన్ల రాయద్దు."

"పాఠంల ఉన్నది గదా సార్."

"పాఠంల చానా ఉంటయి బిడ్డా. పేపర్లు దిద్దెటాయన ముంగట కట్టలకు కట్టలు ఉంటయి. నువ్వు రాసిందంత సదువుకుంట కూసోడు. ఎనిమిది లైన్లు ఉన్నయా లేవా చూస్తడు, టిక్కు పెడ్తడు. గంతే."

"అయితే చెయ్యి ఇరిగినోనికి మార్కుల్లేవన్నట్టా సార్?" అని వెనక బెంచీ నుంచి రాకేశ్ అన్నాడు. వాడికి నోరు ఊరుకోదు. క్లాసంతా నవ్వింది. సదానందం కూడా మీసం కింద నవ్వుకున్నాడు.

అప్పుడు కరెస్పాండెంట్ కరుణాకర్ వచ్చాడు. ఇస్త్రీ మడత చెడని తెల్ల చొక్కా, చేతిలో తోటకు నీళ్లు పట్టే ఆకుపచ్చ పైపు ముక్క, రెండు మడతలుగా. సదానందం చాక్‌పీసు కింద పెట్టి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. కరుణాకర్ దాన్ని తీసుకోలేదు.

"రాకేశ్. శనివారం యాడ ఉన్నవ్‌రా?"

"యార్డుల సార్. మా తాత పత్తి తెచ్చిండు. ట్రాలీ కాడ కావలున్న."

"నేను కార్ల పోతుంటే చూసిన. పత్తి మీద కాళ్లు జాపుకొని పన్నవు. బడి ఏమన్న మీ తాతదారా?"

"మీ తాతదే సార్."

ఎవరో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆ నవ్వే ఆ రోజు పిల్లవాడిని కొట్టించింది. లేకుంటే రెండు తిట్లతో పోయేది.

"సదానందం సారూ, తలుపెయ్యి."

సదానందం తలుపు వేశాడు. గడియ కూడా పెట్టాడు. గడియ పెట్టమని ఎవరూ చెప్పలేదు.

మొదటి దెబ్బ వీపు మీద పడింది. పైపు గాలిలో ఈల వేసి దిగింది. రెండోది తొడ మీద. రాకేశ్ "సార్, సార్" అంటూ బెంచీల సందులోకి దూరబోయాడు. కరుణాకర్ జుట్టు పట్టి బయటికి గుంజాడు. తరువాతివి ఎక్కడ పడ్డాయో చెప్పడం కష్టం, పిల్లవాడు చేతులు అడ్డం పెడుతున్నకొద్దీ అవి చోటు మార్చుకున్నాయి. స్టీలు టిఫిన్ డబ్బా ఒకటి దొర్లుకుంటూ బోర్డు దాకా వచ్చి మూత ఊడింది. పచ్చిపులుసు అన్నం నేల మీద పరుచుకుంది. ఆడపిల్లలు మొహాలు కప్పుకున్నారు. కరుణాకర్‌కు ఆయాసం వచ్చాక పైపు వదిలేసి అరచేత్తో చెవి మీద కొట్టాడు, ఒకసారి, మళ్లీ అదే చెవి మీద ఇంకోసారి. రెండో దెబ్బకు రాకేశ్ అరవలేదు. నోరు తెరిచాడు గాని శబ్దం రాలేదు. మోకాళ్ల మీద కూలబడ్డాడు.

అంతసేపూ సదానందం నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లు ఒక్కసారి రెండో బెంచీ మీదికి పోయాయి. అందరూ రాకేశ్‌ను చూడలేక తల దించుకుంటే నవనీత మాత్రం తల ఎత్తి ఉంది. ఆ పిల్ల చూస్తున్నది రాకేశ్‌ను కాదు, ఆయనను.

పిల్లవాడి చెవిలో నుంచి రక్తం సన్నగా మెడ మీదికి దిగింది. సదానందం చేతికి దొరికిన బోర్డు తుడిచే బట్ట తీసి ఇచ్చాడు. దానికి ఉన్న సుద్ద పొడి రక్తంలో ముద్ద కట్టింది.

"పో, మొఖం కడుక్కపో," అన్నాడు కరుణాకర్. పైపు ముక్కను మళ్లీ రెండు మడతలు పెట్టుకున్నాడు. "పాఠం ఆగద్దు సారూ. పరీక్షలు మీదికచ్చినయి."

సదానందం బోర్డు వైపు తిరిగి ఐదో వాక్యం రాశాడు. ఇతరుల కష్టాన్ని చూసి చలించిపోయే దయాగుణం కలవారు. పిల్లలు రాసుకున్నారు. ఆరోది, ఆపదలో ధైర్యం కోల్పోనివారు. ఏడోది, తన పనిని తాను శ్రద్ధగా చేసుకుపోయేవారు. ఎనిమిదోది, ఇటువంటి వ్యక్తులు సమాజానికి ఆదర్శం. బెల్లు కొట్టేసరికి ఎనిమిదీ అయిపోయాయి.

*

మంగళవారం పొద్దున ఆయన భార్య పద్మలత సర్వపిండి ముక్క పళ్లెంలో పెట్టి, అక్కడే నిలబడింది. ముచ్చట ఊరంతా తిరిగి ఆమె కుట్టుమిషను దగ్గరికి వచ్చేసింది.

"పోరని చెవి పర్ద పగిలిందట. హుజూరాబాద్ దవాఖానల చెప్పిన్రట. నువ్వు గాడనే ఉన్నవట గదా."

"ఉంటే?"

"ఏం చేసినవు మరి?"

"ఏం చేస్త? ఆయన బడి, ఆయన పైపు."

"నువ్వు పిల్లలను కొట్టవని పదిమందికి చెప్పుకుంట తిరుగుత. పందొమ్మిదేండ్లల ఒక్కల మీద చెయ్యి లేపలేదని. ఇగ మీదికెల్లి ఏం చెప్పాలె? కొట్టడు గని, కొట్టేటప్పుడు తలుపు పట్టుకుంటడనా?"

సదానందం సర్వపిండి తినకుండానే లేచాడు. మాటలో ఆమెకు ఎదురు నిలవడం ఏనాడూ గిట్టుబాటు కాలేదు.

బడిలో రాకేశ్ చోటు ఖాళీగా ఉంది. రెండో పీరియడ్‌లో గేటు దగ్గర గోల లేచింది. సదానందం మొదటి అంతస్తు వరండా నుంచి చూశాడు. రాకేశ్ మేనమామ పర్శరాములు వచ్చాడు. యార్డులో హమాలీ. పత్తి బోరాలు మోసి మోసి కాడి మోసే ఎద్దులా మెడ మీద కాయ కాసిన మనిషి. జుట్టు నిండా పత్తి నూగు. బోరాలు గుంజే ఇనుప కొక్కెం నడుముకు ఉంటే, దాన్ని తీసి వాచ్‌మన్ చేతిలో పెట్టాడు.

"ఇది పట్టుకో అన్నా. ఇది నా చేతిల ఉండద్దు ఇప్పుడు."

తరువాత నడిచి లోపలికి వచ్చి, ఆఫీసు మెట్లు దిగుతున్న కరుణాకర్ కాలర్ పట్టుకున్నాడు.

"పోరగాడు మాట్లాడితే ఇనవడ్తలేదు నాకు అంటుండు. ఏమని చెప్పాలె ఆని తల్లికి? దుబాయ్‌ల నాలుగిండ్లల బాసండ్లు తోముతున్నది, ఫోన్ చేస్తే కుడి చెవి కాడ పెట్టుకొని 'అమ్మా, సప్పుడు రాలే' అన్నడు. ఏమని చెప్పాలె?"

"చెయ్యి తియ్యి."

"చెప్పు ముందు."

"చెయ్యి తియ్యిరా లంజకొడకా."

పర్శరాములు చెంప మీద కొట్టాడు. ఒకటే. బరువులు మోసే చెయ్యి కాబట్టి కరుణాకర్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. స్కూల్ వ్యాన్ల డ్రైవర్లు ముగ్గురూ అప్పటిదాకా తంబాకు నలుపుకుంటూ నిలబడ్డవాళ్లు ఒక్కసారి కదిలారు. ఒకడు వెనక నుంచి మెడకు చెయ్యి వేశాడు. ఒకడు కడుపులో తన్నాడు. మూడోవాడు వ్యాన్ సీటు కింది నుంచి జాకీ రాడ్ తెచ్చాడు. రాడ్ తల మీద పడిన చప్పుడు మొదటి అంతస్తు దాకా వినబడింది, పచ్చి గుమ్మడికాయ నేల మీద వేసినట్టు. పర్శరాములు కింద పడ్డాక కూడా వాళ్లు ఆపలేదు. ఇక చాలని కరుణాకరే చెప్పాల్సి వచ్చింది. నూగు అంటిన జుట్టు ఎర్రగా తడిసి నల్లబడింది.

పోలీసులు వచ్చారు. కుట్లు వేయించి తీసుకుపోయింది పర్శరాములునే. బడిలోకి చొరబడి కరెస్పాండెంటును చంపబోయాడని కాగితం. రాకేశ్ బైకు మీది నుంచి పడ్డాడని, దాన్ని సాకుగా పెట్టుకుని వచ్చాడని ఇంకో కాగితం.

సాయంత్రం బడి విడిచాక గేటు పక్కన ముసలాయన కూర్చుని ఉన్నాడు. రాకేశ్ తాత లచ్చయ్య. యార్డులో పత్తి తూకం కాక ట్రాలీని అట్లాగే వదిలేసి వచ్చాడు. సదానందాన్ని చూసి లేచి నిలబడ్డాడు. పెద్దవాడు తన కోసం లేవడం సదానందానికి ఇబ్బందిగా అనిపించింది.

"సారూ, నువ్వు గాడనే ఉన్నవట."

"నేను బోర్డు దిక్కు తిరిగి రాస్తున్న తాతా. చూడలే."

లచ్చయ్య భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. కోపం లేదు. పత్తి రేటు అడిగినట్టే అడిగాడు.

"మరి సప్పుడు ఇనవడలేదా సారూ? నీ చెవులు మంచిగనే ఉన్నయి గద."

*

బుధవారం మొదటి బెల్లుకు ముందే కరుణాకర్ పిలిపించాడు. దవడ ఒక పక్క ఉబ్బి, మాట కొంచెం వంకరగా వస్తోంది.

"రేపు కరీంనగర్‌కెల్లి మేడం వస్తుంది. పిల్లల రక్షణ ఆఫీసుల కేసులు చూసేటామె. పోరడు బండి మీదికెల్లి పడ్డడని ఆమె రాసుకపోతే, వాని మేనమామ జైలుకు పోతడు, ముచ్చట ఒడుస్తది. కొట్టిన్రని రాస్తే వాడు బయటికస్తడు, నేను లోపటికి పోత. మధ్యల ఏం లేదు."

"నేనేం చెయ్యాలె సార్?"

"పిల్లలతోని నా గురించి రాయించు. అందరితోని. నీకు అలవాటే గదా, గా పాత్ర స్వభావం. పటేలు పేరు తీసి నా పేరు పెట్టుమను."

సదానందం టేబుల్ మీది గాజు బిళ్లను చూస్తూ నిలబడ్డాడు.

"పరేషాన్ గాకు. నేను నిన్ను బెదిరిస్తలేను," అన్నాడు కరుణాకర్. "లెక్క చెప్తున్న. కొట్టింది నేను. గడియ పెట్టింది నువ్వు. ఒక్క బండి మీద కూసున్నం ఇద్దరం. బండి బోల్తా పడితే ముంగటోనికి ఒక్కనికే దెబ్బ తాకదు."

లెక్కలో తప్పు దొరకలేదు సదానందానికి. దొరికితే బాగుండేదని మెట్లు ఎక్కుతూ అనుకున్నాడు.

క్లాసులో తెల్ల కాగితాలు పంచాడు. "ఇయ్యాల కొత్త పాఠం లేదు. కరెస్పాండెంట్ సార్ పాత్ర స్వభావం రాయుండ్రి. ఎనిమిది లైన్లు. మీకు వచ్చినవే. పేరు, రోల్ నంబరు పైన రాయుండ్రి."

ముప్పై ఏడు మంది వంగారు. పెన్నుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక్కరూ పైకి చూడలేదు, అవసరమే లేదు, చేతులకు దారి తెలుసు. ఆయన వరుసల మధ్య తిరిగాడు. శాంత స్వభావం కలవారు. శాంత స్వభావం కలవారు. అన్ని కాగితాల మీదా అదే వరుస, అదే చోట కామా. మామూలుగానైతే ఆయన కడుపు నిండేది.

నవనీత కాగితం తెల్లగా ఉంది. పెన్ను మూత తీయలేదు.

"ఏమైంది?"

"రాయను సార్."

"ఎందుకు?"

"పటేలు అంటే పుస్తకంల ఉంటడు సార్. ఏం రాసినా ఆయన అడగడు. ఈ సార్ మన బడిలనే ఉంటడు."

"నువ్వు రాయకుంటే మిగిలినోళ్లు రాసింది పనికిరాదు. రాయి."

"అయితే ఐదో లైన్‌కు ఒక్క ఉదాహరణ చెప్పుండ్రి సార్. రాస్త."

గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది. నిజంగా అడిగినందుకే ఆయన చెయ్యి లేచింది. లేచిందని తెలిసేసరికే దిగిపోయింది. చెంప మీద పడ్డ చప్పుడు ఆ చిన్న గదిలో చాలా పెద్దగా మోగింది. ఆ పిల్ల తల పక్కకు తిరిగి పోయి, జడ ఎగిరి ముందు బెంచీ మీద పడింది. పెదవి పంటికి తగిలి చిట్లింది.

పెన్నులన్నీ ఆగాయి.

సదానందం తన అరచెయ్యి చూసుకున్నాడు. మంటగా ఉంది. ఇంత మంట పుడుతుందని ఆయనకు తెలియదు. కొట్టే వాడికి కూడా కొంత తగులుతుందన్నమాట, అని ఎక్కడో ఒక ఆలోచన పోయింది.

నవనీత ఏడవలేదు. పెదవి మీది రక్తాన్ని నాలుకతో తుడుచుకుంది. పెన్ను మూత తీసి రాయడం మొదలుపెట్టింది. ఆగకుండా, తలెత్తకుండా, కాగితం చివరిదాకా రాసింది. దెబ్బకు పని అయిందని సదానందం అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. అయినా తేలికగానే ఊపిరి పీల్చుకున్నాడు.

కాగితాలు తీసుకునేటప్పుడు ఆ పిల్ల తనదాన్ని కట్ట మధ్యలో పెట్టింది. ఆయన చదవలేదు. పందొమ్మిదేళ్లుగా ఆయన పాత్ర స్వభావాలు చదవడు, వాక్యాలు లెక్కపెడతాడు. ఆ రోజు అదీ చేయలేదు. తీసుకుపోయి కరుణాకర్ టేబుల్ మీద పెట్టాడు. కరుణాకర్ పైవి రెండు చూశాడు, అడుగున ఉన్నది ఒకటి చూశాడు. కట్టను టేబుల్ మీద తట్టి అంచులు సమానం చేశాడు.

"శాబాష్. ఒక్క నేత బట్ట లెక్క ఉన్నయి."

*

గురువారం వచ్చిన మేడం పేరు లీలాబాయి. ఉట్నూర్ దిక్కు మనిషి, నలభై దాటిన వయసు, మెడలో నల్లపూసలు, భుజానికి మగవాళ్ల సంచి. కంప్యూటర్ గదిలో కూర్చుని టీచర్లను ఒక్కొక్కరినే పిలిచింది. ఎవరూ ఏమీ చూడలేదు. కరుణాకర్ బయట వరండాలో కుర్చీ వేసుకుని, పోయేవాడి మొహం, వచ్చేవాడి మొహం చూస్తున్నాడు.

యార్డులో పనితనం తెలిసిన ఖరీదుదారు పత్తి బోరాను పైపైన చూడడు. మూతి విప్పి భుజం దాకా చెయ్యి దూర్చి అడుగు నుంచి ఒక పిడికెడు గుంజుతాడు. నీళ్లు చల్లిన పత్తి, రాయి, పురుగు పట్టిన గుడ్డి పత్తి అన్నీ అక్కడే ఉంటాయి. సదానందం లోపలికి వెళ్లేసరికి మేడం ముందున్న కట్ట అట్లా మధ్యలో విచ్చి ఉంది. ఒక కాగితం విడిగా, బోర్లా పెట్టి ఉంది.

"కూసోండి సార్. పాత్ర స్వభావం మీరే నేర్పుతరా?"

"అవును మేడం."

"ముప్పై ఏడు కాగితాలు సదివిన. ముప్పై ఏడు మందికి ఒక్కటే చెయ్యి ఉన్నట్టుంది. కామాలు కూడ తప్పలే."

"పరీక్షకు గట్లనే నేర్పుతం మేడం."

"మంచిది. ఇది జర సదువుండ్రి. బయటికి సదువుండ్రి, నేను ఇంట."

ఆయన కాగితం తిప్పాడు. పైన నవనీత పేరు, రోల్ నంబరు. దస్తూరి తను నేర్పిందే. చదవడం మొదలుపెట్టాడు, క్లాసులో చదివే గొంతుతోనే.

"సదానందం సార్ పాత్ర స్వభావం. సదానందం సార్ ఇందులో ప్రధాన పాత్ర. ఆయన మంచి సంస్కారం గల వ్యక్తి. సోమవారం కరెస్పాండెంట్ సార్ పైపు పట్టుకొని వస్తే రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టారు."

ఆగాడు. మేడం తరువాతి పంక్తి మీద వేలు పెట్టి చూపింది.

"శాంత స్వభావం కలవారు. రాకేశ్‌ను కొడుతున్నంతసేపు ఒక్క మాట మాట్లాడలేదు. పెద్దల మాటను గౌరవించేవారు. తలుపు వేయమంటే వేశారు, గడియ కూడా పెట్టారు. ఇతరుల కష్టాన్ని చూసి చలించిపోయే దయాగుణం కలవారు. రాకేశ్ చెవి నుండి రక్తం వస్తే బోర్డు తుడిచే బట్ట ఇచ్చారు."

కాగితాన్ని వెలుతురు వైపు జరుపుకున్నాడు. మళ్లీ అందుకున్నాడు.

"ఆపదలో ధైర్యం కోల్పోనివారు. రక్తం నేల మీద ఉండగానే మాకు పాఠం చెప్పారు. తన పనిని తాను శ్రద్ధగా చేసుకుపోయేవారు. ఈ రోజు నేను రాయనంటే నన్ను చెంప మీద కొట్టారు. ఇటువంటి వ్యక్తులు సమాజానికి ఆదర్శం."

ఎనిమిదీ ఉన్నాయి. ఒక్కటి తప్పలేదు. తను అమ్మిన సరుకే, తూకం తగ్గకుండా, తన ముందుకు తిరిగి వచ్చింది.

"రాసింది నిజమేనా సార్?" అంది లీలాబాయి.

సదానందం నోరు తెరవకముందే తలుపు తెరుచుకుంది. కరుణాకర్ కిటికీ పక్కన నిలబడి అంతా విన్నాడు.

"మేడం, గీ పిల్లను కొట్టింది గీయన. క్లాసు క్లాసంత చూసింది. గీయన మీది కోపాన్ని పిల్ల నా మీదికి మలుపుతున్నది. గీయన మాటకు ఇలువేంది? గవాయి అంటే, సాక్ష్యం చెప్పెటోడు సాఫ్‌గ ఉండాలె గదా."

ఆ లెక్క సరిగ్గానే ఉంది. తను సోమవారం సంగతి చెబితే బుధవారం సంగతి అడ్డం వస్తుంది. బుధవారం సంగతి దాచితే సోమవారం సంగతి నిలవదు. పిల్ల మాట ఒక్కటే మిగులుతుంది, పదిహేనేళ్ల పిల్ల మాటను స్టేషన్‌లో ఎవరూ తూకానికి పెట్టరు. పర్శరాములు లోపలే ఉంటాడు. సదానందం ఇంతకాలం నష్టం రాని బేరాలే చేశాడు. ఇందులో నష్టం లేని దారి లేదు.

"సార్ కొట్టిండు మేడం," అన్నాడు. "సోమవారం పైపుతోని కొట్టిండు. తర్వాత చేత్తోని చెవి మీద రెండుసార్లు కొట్టిండు. బండి మీదికెల్లి పడుడు అబద్ధం. నేను గాడనే ఉన్న."

కరుణాకర్ రెండు అడుగుల్లో వచ్చి కాలర్ పట్టాడు. కుర్చీ వెనక్కు పడింది. సదానందం వీపు ఇనుప బీరువాకు తగిలి బీరువా మీది పాత కీబోర్డులు జారి నేల మీద పడి, మీటలు చెల్లాచెదురయ్యాయి. కరుణాకర్ పిడికిలి మొదట నోటి మీద, తరువాత ముక్కు పక్కన పడింది. సదానందం చేతులు అడ్డం పెట్టలేదు. సోమవారం చేతులు అడ్డం పెట్టిన పిల్లవాడికి ఏం ఒరిగిందో ఆయన చూశాడు.

"నా ఉప్పు తిన్నవు గదరా. పందొమ్మిదేండ్లు తిన్నవు."

లీలాబాయి లేచి అరవలేదు. కిటికీ దగ్గరికి పోయి, తనతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్‌ను చేత్తో పిలిచింది. తిరిగి వచ్చి కరుణాకర్ మణికట్టు పట్టుకుంది.

"బస్ కరో. ఇంకొకటి కొట్టినా మంచిదే, నేను రాసుకునేటందుకు. మీ ఇష్టం."

కరుణాకర్ వదిలాడు. చొక్కా సర్దుకున్నాడు. కానిస్టేబుల్ వచ్చి ఆయనను మర్యాదగానే బయటికి తీసుకుపోయాడు, "నడువుండ్రి సార్, నడువుండ్రి" అంటూ.

మేడం కుర్చీ లేపి నిలబెట్టింది. సంచిలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చింది. సదానందం పుక్కిలించి కిటికీలోంచి ఉమ్మాడు. పన్ను ఒకటి కదులుతోంది. నాలుకతో దాన్ని తోసి చూసుకుంటూ కూర్చున్నాడు.

"హుజూరాబాద్ డాక్టర్ రాసిన కాగితం నా కాడ ఉన్నది," అంది లీలాబాయి. "మీరు చెప్పింది దానికి సరిపోయింది. మీరు సంతకం పెడితే ఇయ్యాలనే స్టేషన్‌కు పంపుత. ఆ హమాలాయన మీది కేసు మల్ల చూస్తరు. కానీ ఆయన అన్నది కూడ నిజమే. రేపు కోర్టుల మిమ్మల్ని నిలవెట్టి మొదలు గదే అడుగుతరు. పిల్లను కొట్టినోని మాట ఎందుకు నమ్మాలె అని."

"తెలుసు మేడం."

"మీ కొలువు పోతది. ఈడనే గాదు, ఇంకే బడిల కూడ తీసుకోరు. పిల్ల తల్లిదండ్రులు పెడితే మీ మీద కూడ కేసు అయితది."

"తెలుసు."

"అయితే ఎట్ల రాయాలె? సోమవారంకెల్లి మొదలుపెట్టాల్నా?"

సదానందం నోటిలోని రక్తం మింగాడు.

"లేదు మేడం. ముందు నాది రాయుండ్రి. తర్వాత ఆయనది రాయుండ్రి. నాది రాసినంకనే ఆయనది నిలవడ్తది."

లీలాబాయి ముందున్న కట్టను పక్కకు జరిపింది. కొత్త కాగితం తీసి, పైన తారీఖు వేసింది. ఆయన పేరు, ఊరు, వయసు రాసుకుంది. గది బయట ఎవరో వచ్చి నిలబడ్డ అలికిడి అయింది. తరువాతి పేరు నవనీతది. ఎవరో ఆ పిల్లను పంపించినట్టున్నారు, గడప మీద నిలబడి ఉంది. పెదవి నల్లగా అట్టకట్టింది. నేల మీది కీబోర్డు మీటలను చూస్తోంది.

"బుధవారం, పదో తరగతి గదిల," అంది మేడం రాస్తూ. "చేతితోనా, కట్టెతోనా?"

"చేతితోని."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారి."

"ఏ చెంప మీద?"

సదానందానికి గుర్తు రాలేదు. అరచేతి మంట గుర్తుంది, చప్పుడు గుర్తుంది, జడ ఎగరడం గుర్తుంది. చెంప గుర్తు లేదు. కాగితం మీద తప్పు రాయించకూడదని, కుర్చీలోంచి లేచి, అప్పుడు నిలబడినట్టే నిలబడి, కుడి చెయ్యి మెల్లగా పైకెత్తి చూసుకున్నాడు.

గడప మీద నవనీత చటుక్కున ఒక అడుగు వెనక్కు వేసి, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆయన చెయ్యి గాలిలోనే కాసేపు ఆగింది. తరువాత దించాడు.

"ఎడమ చెంప, మేడం," అన్నాడు. "రాసుకోండ్రి."